గుమ్మటం కింద మాట

పండగ ముందు ఇంటికి సున్నం వేసేటప్పుడు మంచాలూ, పరుపులూ, బట్టల మూటలూ అన్నీ వాకిట్లోకి చేరతాయి. అప్పుడు ఖాళీ గదిలో నిలబడి ఎవరినైనా పిలిచి చూశారా? ఆ గొంతు మీది కానట్టే ఉంటుంది. మాట గోడలకు తగిలి గుయ్యిమంటూ గదంతా తిరుగుతుంది. సాయంత్రానికి సామానంతా మళ్ళీ లోపలికి వస్తుంది. అప్పుడు పిలిస్తే ఆ మోత ఉండదు. గది అదే, గోడలు అవే, గొంతూ అదే. మరి మోత ఎక్కడికి పోయింది?

పరుపులూ బట్టలూ దాన్ని మింగేశాయి! ధ్వని అంటే గాలిలో ప్రయాణం చేసే అదురు. అది గట్టి గోడకు తగిలితే బంతిలాగా వెనక్కు వస్తుంది. దూదిలోకో, గుడ్డపోగుల మధ్యకో దూరితే మాత్రం అక్కడి సన్నని సందులలో ఒరుసుకుని, బలం పోగొట్టుకుని, రవ్వంత వేడిగా మారి అణగిపోతుంది.

ఒంటిమీద బట్టలున్న మనిషి కూడా ధ్వనికి పరుపులాంటివాడే. ఒక మనిషి వస్తే మన చెవికి తేడా తెలియదు. వెయ్యిమంది వస్తే కట్టడం గొంతే మారిపోతుంది.

ఈ వింత పాతకాలపు పెద్ద మసీదులలో స్పష్టంగా తెలుస్తుంది. నాటకశాలలో మెత్తని కుర్చీలుంటాయి. మనిషి రాకపోయినా అతని వంతు ధ్వనిని చాలావరకు కుర్చీయే మింగుతుంది. మసీదులో కుర్చీల వరసలు ఉండవు. పరిచిన తివాసీ తప్ప నేలంతా ఖాళీ. తెల్లవారుజామున నమాజుకు కొద్దిమంది రావచ్చు. శుక్రవారం మధ్యాహ్నం హాలు నిండిపోవచ్చు. ఒకే కట్టడం ఈ రెండు పూటలా రెండు రకాలుగా మోగుతుంది. మరి కట్టేవాడు ఏ పూటను మనసులో పెట్టుకుని కట్టాలి?

ఇది తెలుసుకోవటానికి మనం టర్కీ దేశంలోని ఇస్తాంబుల్ నగరానికి వెళదాం. అక్కడ ఒక కొండమీద సులేమానియా మసీదు ఉంది. సుల్తాన్ సులేమాన్ ఆజ్ఞ ప్రకారం సినాన్ అనే వాస్తుశిల్పి దాన్ని 1550లో మొదలుపెట్టి 1557లో పూర్తిచేశాడు. సినాన్ దాదాపు 50 ఏళ్ళపాటు సుల్తానుల ప్రధాన శిల్పిగా పనిచేసి, 1588లో చనిపోయాడు. ఈ మసీదు గుమ్మటం అడ్డుకొలత సుమారు 26 మీటర్లు. నేలమీదినుంచి గుమ్మటం కొన వరకు ఎత్తు సుమారు 53 మీటర్లు. ఇంత బరువునూ నాలుగు మహా స్తంభాలు మోస్తున్నాయి. అటువంటి స్తంభాలను టర్కీవాళ్ళు ‘ఏనుగు పాదాలు’ అంటారు.

ఈ మసీదు గురించి అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. పని సగంలో ఉండగా ఎవరో సుల్తాను దగ్గరికి వెళ్ళి, ‘‘ప్రభూ! తమ శిల్పి పని మానేసి, గుమ్మటం కింద కూర్చుని హుక్కా పీలుస్తున్నాడు,’’ అని చెప్పారట. సుల్తాను మండిపడుతూ వచ్చాడు. సినాన్ నిజంగానే హుక్కా ముందు కూర్చుని ఉన్నాడు! అయితే అందులో నిప్పూ లేదు, పొగాకూ లేదు. వట్టి నీళ్ళే. సినాన్ గొట్టం పీల్చి నీళ్ళను గుడగుడలాడిస్తూ, ఆ సవ్వడి హాలులో ఏ మూలకు ఎలా చేరుతున్నదో చెవి ఒగ్గి వింటున్నాడు. సంగతి తెలిసి సుల్తాను కోపం చల్లారిపోయిందట.

ఇది కథే సుమా! ఇస్తాంబుల్‌కు పొగాకు వచ్చింది సుమారు 1600 ప్రాంతంలో. అప్పటికి సినాన్ పోయి పన్నెండేళ్ళు కావస్తున్నది. అయినా ఈ కథ పుట్టటంలో ఒక అర్థం ఉన్నది. సినాన్ కంటితోనే కాక చెవితో కూడా కట్టాడని అక్కడి ప్రజలు నమ్మారు.

అతని ముందున్న చిక్కు ఏమిటో ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. గాలిలో ధ్వని సెకండుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నేలమీద నిలబడి ఒకరు మాట్లాడితే ఆ ధ్వని 53 మీటర్లు పైకి వెళ్ళి, గుమ్మటానికి తగిలి, మళ్ళీ 53 మీటర్లు దిగిరావాలి. మొత్తం 106 మీటర్లు. దానికి పట్టే కాలం సుమారు 0.3 సెకండు. ఇది కనురెప్ప పాటే అయినా, ఈలోపల నోటినుంచి మరి ఒకటి రెండు అక్షరాలు వచ్చేస్తాయి. అంటే కొత్త అక్షరం మీద పాత అక్షరం వచ్చి పడుతుందన్నమాట. అంతటితో అయిపోదు. ధ్వని గోడనుంచి గోడకు, గోడనుంచి నేలకు, నేలనుంచి గుమ్మటానికి తిరుగుతూనే ఉంటుంది. దీన్నే మారుమోత అంటాం.

మారుమోత చెడ్డదని అనుకోకండి. ఖురాను పఠనంలో స్వరాన్ని సాగదీసి నిలుపుతారు. అప్పుడు మారుమోత ఆ స్వరానికి తోడు నిలిచి నిండుదనం తెస్తుంది. కాని శుక్రవారం నాడు ఇమాము ఖుత్బా అనే ప్రసంగం చేస్తాడు. అందులో ప్రతి మాటా వెనక వరసలో ఉన్నవాడికి కూడా తెలియాలి. పాటకు తోడైన మారుమోతే మాటకు అడ్డం వస్తుంది. ఒకే హాలు ఈ రెండు పనులూ చేయాలి. అదీ చిక్కు!

గుమ్మటంతో ఇంకొక ప్రమాదం కూడా ఉన్నది. దాని లోపలి వంపు, పుటాకార దర్పణం వెలుతురును కూడగట్టినట్టు, ధ్వనిని ఒక చోట కుప్పపోస్తుంది. ఆ చోటు మనుషుల తలల దగ్గర ఉంటే అక్కడివాళ్ళకు చెవులు గింగురుమంటాయి, పక్కవాళ్ళకు ఏమీ వినపడదు. సులేమానియా గుమ్మటం అర్ధగోళానికి దగ్గరగా ఉంటుంది. అడ్డుకొలత 26 మీటర్లు కనక, వంపు కేంద్రం గుమ్మటం కొనకు 13 మీటర్లు కిందుగా ఉంటుంది. అంటే నేలకు ఇంకా 40 మీటర్ల ఎత్తున అన్నమాట! ధ్వని ఆ ఎత్తున కూడి, మళ్ళీ విడిపోయి, నేలమీదికి చెదురుగా దిగుతుంది.

సినాన్ కట్టిన మసీదుల గుమ్మటాలలో మట్టికుండలు కూడా పొదిగారు. కుండ గోడలో దాగి ఉంటుంది. మూతి మాత్రం హాలులోకి తెరుచుకుని ఉంటుంది. ఖాళీ సీసా మూతిమీద ఊదితే ఒక స్వరం పలుకుతుంది గదా! మెడలోని గాలి చిన్న బరువులాగా, కడుపులోని గాలి స్ప్రింగులాగా పనిచేసి ఊగటంవల్ల ఆ స్వరం వస్తుంది. బయట అదే స్వరం మోగినప్పుడు కుండలోని గాలి తనంతట తానే ఊగుతుంది. ఆ ఊపులో ధ్వని బలం కొంత ఖర్చయిపోతుంది. 19వ శతాబ్దంలో హెల్మ్‌హోల్ట్స్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఈ సూత్రాన్ని విప్పి చెప్పాడు. కుండల ఉపయోగం మాత్రం అంతకు ఎన్నో ఏళ్ళ ముందే శిల్పులు కనిపెట్టారు.

అయితే ఎత్తైన గుమ్మటం, కుండలు, తివాసీ అన్నీ కలిసినా ఇంకా ఒకటి తక్కువ. అదే జనం. జనం ఎంత ధ్వనిని మింగుతారో మొట్టమొదట కొలిచినవాడి కథ చాలా తమాషాగా ఉంటుంది. అది జరిగింది మసీదులో కాదు, అమెరికాలో ఒక కళాశాలలో. కాని అక్కడ తేలిన సూత్రం లోకంలోని కట్టడాలన్నిటికీ వర్తిస్తుంది.

1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారు ఫాగ్ కళా మ్యూజియం అనే కొత్త భవనంలో ఒక ఉపన్యాసశాల కట్టించారు. చూడటానికి బాగానే ఉంది. కాని అందులో ఒక మాట పలికితే సుమారు అయిదున్నర సెకండ్లు వినపడుతూనే ఉండేది! ఉపన్యాసకుడు ఏమంటున్నాడో ఎవరికీ తెలిసేది కాదు. దీన్ని బాగుచేసే పని వాలెస్ సబీన్ అనే 27 ఏళ్ళ ఉపాధ్యాయుడి మీద పడింది.

సబీన్ పగలంతా పాఠాలు చెప్పి, ఊరు సద్దుమణిగిన తర్వాత రాత్రిపూట పరీక్షలు చేసేవాడు. దగ్గరలో ఉన్న నాటకశాలనుంచి కుర్చీల మెత్తలు తెప్పించేవాడు. ఆర్గన్ గొట్టాన్ని మోగించి ఆపేసి, మోత పూర్తిగా అణగటానికి ఎంతసేపు పట్టిందో కొలిచేవాడు. కొన్ని మెత్తలు వేసి కొలిచేవాడు. ఇంకా కొన్ని వేసి మళ్ళీ కొలిచేవాడు. తెల్లవారేలోగా మెత్తలన్నీ తిరిగి నాటకశాలకు చేర్చాలి. మెత్తల స్థానంలో మనుషులను కూర్చోబెట్టి కూడా చూశాడు. ఒక మనిషి దాదాపు ఆరు మెత్తలంత ధ్వనిని మింగుతాడని తేలింది.

ఇంతలో ఒక ఉపద్రవం వచ్చిపడింది. రెండు నెలలపాటు తీసిన లెక్కలు ఒకదానితో ఒకటి సరిపోలేదు. కారణం ఏమిటా అని వెతగ్గా వెతగ్గా, తాను వేసుకున్న దుస్తులే అని బయటపడింది! ఒకనాడు ఒకరకం, మరునాడు ఇంకొకరకం దుస్తులు వేసుకోవటంతో హాలులోని మారుమోత ఆ కాస్తా మారింది. సబీన్ 3,000కు పైగా కొలతలను పక్కన పడేసి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆనాటినుంచి పరీక్షలకు వచ్చినప్పుడల్లా ఒకే రకం చలికాలపు దుస్తులు వేసుకునేవాడు.

చివరకు 1898లో అతనికి సూత్రం దొరికింది. ధ్వని తన బలంలో పదిలక్షలవ వంతుకు తగ్గటానికి పట్టే కాలాన్ని మారుమోత కాలం అంటారు. హాలు ఎన్ని ఘనమీటర్లో ఆ సంఖ్యను 0.161తో హెచ్చవేసి, హాలులోని వస్తువుల మింగే శక్తితో భాగిస్తే మారుమోత కాలం సెకండ్లలో వస్తుంది. మింగే శక్తిని దేనితో కొలవాలి? తెరిచిన కిటికీతో! కిటికీలోంచి బయటకు పోయిన ధ్వని తిరిగి రాదు. అందుచేత ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ ఎంత మింగుతుందో అంత ఒక పాలు.

మీరు కూడా చేయగల లెక్క ఇది. ఒక మసీదు హాలును ఊహించుకుందాం. పొడవు 20 మీటర్లు, వెడల్పు 20, ఎత్తు 15. మొత్తం 6,000 ఘనమీటర్లు. దాన్ని 0.161తో హెచ్చవేస్తే 966. గోడలూ, కప్పూ, తివాసీ కలిసి 150 పాళ్ళు మింగుతాయనుకుందాం. 966ను 150తో భాగిస్తే సుమారు 6.4 సెకండ్లు. ఇది ఖాళీ హాలు సంగతి. ఇప్పుడు 400 మంది వచ్చారు. మనిషికి అర పాలు చొప్పున 200 పాళ్ళు కలిసి, మింగే శక్తి 350 అయింది. 966ను 350తో భాగిస్తే సుమారు 2.8 సెకండ్లు. ఒక్క రాయి కదలలేదు. మారుమోత మాత్రం సగానికి పైగా తగ్గిపోయింది!

ఇందులో ఇంకొక విశేషం ఉన్నది. జనం సన్నని స్వరాలను మింగినంతగా బొంగురు స్వరాలను మింగలేరు. సన్నని పోగుల సందులలో చిక్కేవి ముఖ్యంగా సన్నని స్వరాలే. అందుకే నిండిన హాలులో కూడా లోతైన స్వరాలు ఇంకా కాస్సేపు మిగిలి ఉంటాయి. అటువంటి స్వరాలను పట్టుకోవటానికి, తగిన కొలతలతో చేస్తే, కుండలు పనికివస్తాయి.

నమాజులో మనుషులు ఉండే తీరు కూడా ధ్వనిని మారుస్తుంది. అందరూ భుజానికి భుజం ఆనించి వరసలుగా నిలబడతారు. తర్వాత నడుము వంచుతారు, నుదురు నేలకు ఆనించి సజ్దా చేస్తారు, కూర్చుంటారు. నిలబడినప్పుడు ఒళ్ళు ఎక్కువ భాగం గాలికి తగులుతుంది కనక ఎక్కువ ధ్వని మింగుతారు. పైగా ముందు నిలబడిన ఇమాము గొంతు వెనక వరసకు చేరాలంటే ఇన్ని తలలనూ, భుజాలనూ రాసుకుంటూ పోవాలి. వరస వరసకూ కొంత సుంకం చెల్లించినట్టు అది బలం కోల్పోతుంది. ఇమాము కూడా జనంవైపు కాక, మెహరాబ్ అనే గూడువైపు తిరిగి ఉంటాడు. గొంతు ఆ గూటికి తగిలి వెనక్కు రావాలి.

ఖుత్బా చెప్పేటప్పుడు మాత్రం ఏర్పాటు వేరు. అప్పుడు జనం నేలమీద కూర్చుంటారు. ఇమాము మింబర్ అనే మెట్ల పీఠం ఎక్కి వాళ్ళవైపు తిరిగి మాట్లాడతాడు. మాట పైనుంచి ఏటవాలుగా దిగుతుంది. దారిలో తలలు అడ్డం రావు. నిలబడిన మనిషి పొడుగుగా ఉంటే జాతరలో అందరికీ ఎలా కనిపిస్తాడో, ఎత్తునుంచి వచ్చే మాట అలాగే అందరికీ అందుతుంది.

మైకులు లేని రోజులలో వెనక వరసలకోసం ఇంకొక ఉపాయం ఉండేది. ఇమాము ‘అల్లాహు అక్బర్’ అనగానే, నడుమ ఒక ఎత్తైన అరుగుమీద నిలబడిన మౌజను ఆ మాటనే అందుకుని గట్టిగా పలికేవాడు. ఇలా అందించేవాడిని ముకబ్బిర్ అంటారు. సులేమానియాలో కూడా మౌజనులకోసం అటువంటి అరుగు కట్టారు. జనం మింగిన ధ్వనిని మనిషి గొంతుతోనే మళ్ళీ నింపారన్నమాట.

మన హైదరాబాదులోని మక్కా మసీదుకు వెళితే వేరొక పద్ధతి చూడవచ్చు. దాన్ని 1617లో మహమ్మద్ కుతుబ్ షా కాలంలో మొదలుపెట్టారు. 1694లో ఔరంగజేబు పూర్తిచేయించాడు. గ్రానైటు రాయి ధ్వనిని దాదాపు ఏమీ మింగదు. కాని హాలు ముందు పెద్ద పెద్ద కమానులు విశాలమైన ఆవరణలోకి తెరుచుకుని ఉంటాయి. సబీన్ చెప్పిన తెరిచిన కిటికీ ఇక్కడ కమాను రూపంలో ఉన్నది! బయటకు వెళ్ళిన మోత తిరిగి రాదు.

ఇదంతా పాతకాలపు ముచ్చట అనుకోకండి. ఇవాళ మసీదులోనైనా, గుడిలోనైనా, చర్చిలోనైనా, మీ బడి సమావేశపు హాలులోనైనా మైకులు అమర్చేవాళ్ళు సాధారణంగా ఖాళీ హాలులోనే వాటిని పరీక్షిస్తారు. జనం రాగానే ధ్వని తగ్గినట్టు తోస్తుంది. వెంటనే గట్టిగా పెంచుతారు. మరునాడు పదిమందే వస్తారు. పెంచిన మైకు పెంచినట్టే ఉంటుంది. అప్పుడు మాటలన్నీ ఒకదానిమీద ఒకటి పడి, గట్టిగా వినపడుతుంది గాని అర్థం కాదు. చెవి మందగించిన తాతగారు వెనక కూర్చుంటే, ఆ పూట ప్రసంగం ఆయనకు దక్కనట్టే. ధ్వని పెద్దదైనంత మాత్రాన మాట తెలియదు. ఎవరైనా మైకు అమరుస్తుంటే, ‘‘జనం నిండినప్పుడు ఒకసారి, పలచగా ఉన్నప్పుడు ఒకసారి విని చూశారా?’’ అని అడగండి.

పాత కట్టడాలను బాగుచేసేవాళ్ళకు కూడా ఈ జ్ఞానం కావాలి. గోడమీద పాత సున్నపు పూత తీసి గట్టి సిమెంటు పూస్తే కంటికి బాగానే ఉంటుంది; కుండల మూతులు పూడిపోయినా కంటికి లోటు కనపడదు. కాని కట్టడం గొంతు మారిపోతుంది. అందుకే 2000నుంచి 2003 వరకు యూరోపియన్ యూనియన్ సహాయంతో కొందరు శాస్త్రజ్ఞులు సినాన్ మసీదులలోనూ, ఇస్తాంబుల్‌లోని ప్రాచీన చర్చిలలోనూ ధ్వనిని కొలిచారు. కంప్యూటరులో ఆ కట్టడాల నమూనాలు చేసి, ఖాళీగా ఉంటే ఎలా మోగుతాయో, జనం నిండితే ఎలా మోగుతాయో లెక్కగట్టారు. శిల్పాన్నీ చిత్రాన్నీ కాపాడినట్టే ధ్వనిని కూడా కాపాడాలని వాళ్ళ ఉద్దేశం.

ఇక మీరు చేసి చూడవలసినవి:

ఒకటి. ఖాళీ ఇత్తడి బిందె మూతి దగ్గర నోరు పెట్టి ‘ఓ’ అనండి. తర్వాత బిందెలో ఒక పాత పంచె కుక్కి మళ్ళీ అనండి. తేడా మీకే తెలుస్తుంది.

రెండు. సీసా మూతిమీద ఊదండి. కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ మళ్ళీ మళ్ళీ ఊదండి. కడుపులో గాలి తగ్గేకొద్దీ స్వరం సన్నబడుతుంది. గుమ్మటంలో కుండ ఏ స్వరాన్ని పట్టాలో దాని కొలతలే నిర్ణయిస్తాయి.

మూడు. ఉదయం అందరికంటే ముందు బడికి వెళ్ళి, ఖాళీ తరగతి గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. పిల్లలంతా వచ్చి నిశ్శబ్దంగా కూర్చున్న తర్వాత, మాస్టారిని అడిగి, మళ్ళీ కొట్టండి.

చివరగా ఒక లెక్క. మనం ఊహించిన హాలుకు 400 మందికి బదులు 200 మందే వస్తే మారుమోత కాలం ఎంత? మొదట వచ్చిన 200 మంది ఎంత తగ్గించారు, తర్వాత వచ్చిన 200 మంది ఎంత తగ్గించారు? ఎవరి బలం ఎక్కువో, ఎందుకో ఆలోచించండి.

(జవాబు: సుమారు 3.9 సెకండ్లు. మొదటి 200 మంది 2.5 సెకండ్లు తగ్గించారు. తర్వాతి 200 మంది 1.1 సెకండ్లు మాత్రమే.)